త్యూల్కా ఒంటి మీది ఎర్రమచ్చలు

మా పిల్లి త్యూల్కా ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. పుట్టుకే అంత. బోడిపిల్లుల్లో ఈ జాతి రష్యాలో మా రస్తోవ్ ఊళ్ళోనే పుట్టిందాయె, దాన్ని చూసి ఇక్కడ ఎవరూ నోరెళ్ళబెట్టరు. చలికాలంలో పాపం దాని పాట్లు అంటారంతే. దాని పాట్లు కాదు, నావి.

వారానికోసారి గోరువెచ్చని నీళ్ళ స్నానం. అంతకు మించితే చర్మం ఎండి పగులుతుంది, మానేస్తే జిడ్డు పేరుకుని అది పడుకున్న దుప్పటి గోధుమరంగుకి తిరుగుతుంది. మెడ మడతల్లో తడి మిగలకూడదు. గది వెచ్చబరిచే గొట్టాలు గాలిని ఎండగొట్టేస్తాయి కాబట్టి వాటి మీద తడి తువ్వాళ్ళు వెయ్యాలి, ఆరగానే మళ్ళీ తడపాలి. అక్కడికే ఎక్కి ఒళ్ళు కాల్చుకోబోతే పిల్లిని దింపాలి. మా ఆయన జాఖర్ ఉన్ని మేజోడుకి నాలుగు కంతలు పెట్టి దానికి చొక్కా కూడా చేశాను. ఇక మంచంలో మా అత్తగారు యెవ్దోకియా. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. ఆవిడకీ ఒళ్ళు తుడవాలి, తిప్పి పడుకోబెట్టాలి, తినిపించాలి. ఇద్దరికీ నేనొక్కదాన్నే. విసుగొచ్చిందంటే వచ్చింది, దాచుకోవడం దేనికి?

ఇంత చేసినా జనవరిలో త్యూల్కా వీపు మీద ఎర్రమచ్చలు లేచాయి. రెండు పగిలి రసి కారాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అత్తగారి తుంటి మీది పుండుకి కట్టు కట్టడానికి సోమవారం సోమవారం నర్సు ఫైనా వస్తుంది. పిల్లిని చూడగానే ఆవిడ మొహం మాడింది.

"ఏంటి రిమ్మా ఇది? ఈ పుళ్ళ పిల్లిని ఆవిడ పక్కలో పడుకోబెడతావా? వచ్చే సోమవారానికి తగ్గలేదనుకో, ఇంట్లోంచి పంపించెయ్. తర్వాత ఆవిడ పుండు కుళ్ళిందని నా దగ్గర ఏడవొద్దు."

ఆ పూటే పిల్లిని వంటింట్లో పెట్టి తలుపేశాను. అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుని నోరు బిగించేసింది. జావ లేదు, టీ లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా అదే వరస. ఓడిపోయి పిల్లిని తెచ్చి పక్కలో పెడితే ఏడు చెంచాల జావ తాగింది. పిల్లి ఉంటే పుండుకి ముప్పు, లేకపోతే ప్రాణానికే ముప్పు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, "దేనివల్లో చర్మం ఎండిపోతోంది. ఏం రాస్తున్నారు?" అన్నాడు. మీరిచ్చిన నూనె తప్ప ఏమీ లేదని ఒట్టేసి చెప్పాను.

దీనికి తోడు ఇంకో గొడవ. అత్తగారి మోకాళ్ళకి పట్టు వెయ్యడానికి వోడ్కా సీసా ఆవిడ తలదగ్గర ముక్కాలిపీట మీద ఉంచుతాను. అది తరిగిపోతోంది. జాఖర్ తాగుడు మానేసి రెండేళ్ళయింది.

"నేను పట్టుకి వాడేది రెండు చెంచాలు. మిగతాది ఎటు పోతోంది?" అన్నాను.

"నా నోరు వాసన చూడు. ఆ వంకనైనా దగ్గరికొస్తావు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నమ్మబుద్ధీ కాలేదు.

బుధవారం మధ్యాహ్నం రొట్టె కొనుక్కుని తొందరగా తిరిగొచ్చాను. అత్తగారు మంచిచేత్తో పిల్లి చంక కింద థర్మామీటరు నొక్కి పట్టుకుంది. త్యూల్కా కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. ఆవిడ థర్మామీటరు తీసి చూసి, సీసా మూత పంటితో తిప్పి, గుడ్డ మీద వోడ్కా ఒంపి దాని వీపు రుద్దడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"నువ్వు చెయ్యని పని. రోజూ దీని ఒళ్ళు కాలిపోతోంది, నీకు చెయ్యి లేదా తాకి చూడ్డానికి? ఇదిగో, ముప్పై ఎనిమిదిన్నర."

పిల్లలకి జ్వరం ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటితే, వేడి దిగాలని ఒళ్ళంతా వోడ్కాతో రుద్దడం మా ఇళ్ళల్లో మామూలే. మా అమ్మ రుద్దింది, నా కొడుక్కి నేనూ రుద్దాను. కానీ పిల్లి ఒంటి వేడి ఎప్పుడూ అంతే. బొచ్చు లేదు కాబట్టి చేతికి తెలుస్తుంది.

"అది జ్వరం కాదత్తయ్యా. దాని ఒళ్ళే అంత. మీ వోడ్కాకే చర్మం పగిలింది."

ఆవిడ తలెత్తలేదు. "డాక్టర్లు అలాగే అంటారు. పళ్ళొచ్చే జ్వరం, అదే పోతుందన్నారు. నేనూ ఊరుకున్నాను. నా నీనా రెండు రోజుల్లో పోయింది" అంది. చెయ్యి మాత్రం రుద్దుతూనే ఉంది.

జాఖర్‌కి ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని తెలుసు. కాపురానికొచ్చిన ముప్పై ఏళ్ళలో ఆ పేరు ఈ ఇంట్లో వినడం అదే మొదలు.

సీసా బీరువాలో పెట్టేశాను. త్యూల్కా వీపు మీది వోడ్కా కడిగి, తడి అద్దాను. కాచి చల్లార్చిన నీళ్ళలో డాక్టరిచ్చిన నూనె రెండు చుక్కలు వేసి, గుడ్డ ముంచి పిండి ఆవిడ చేతికిచ్చాను.

"ఇక నుంచి దీంతో తుడవండి. రోజుకోసారి, మెల్లగా."

వాసన చూసింది. "నీళ్ళే ఇవి."

"నీళ్ళే అత్తయ్యా."

నా మొహంలోకి చూసి, పిల్లి వీపు తుడవడం మొదలుపెట్టింది.

"అయితే తాగింది పిల్లి అన్నమాట" అన్నాడు జాఖర్, నేను తప్పు ఒప్పుకున్నాక. నీనా సంగతి చెప్పగానే లేచాడు. వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

సోమవారం ఫైనా కళ్ళజోడు పెట్టుకుని త్యూల్కా వీపు అంగుళం అంగుళం చూసింది. పగుళ్ళు పూడాయి, ఎరుపు తగ్గింది. "సరే, ఉండనీ" అంది.

ఆవిడ వెళ్ళాక మంచం అంచున కూలబడ్డాను. అత్తగారి చెయ్యి నా నుదుటి మీద పడింది.

"నువ్వూ కాలిపోతున్నావు పిల్లా. ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదత్తయ్యా." నిజంగానే తెలీదు.

"పడుకో."

పిల్లిని గోడవైపు నెట్టి చోటు చేసింది. గొట్టాల మీద తువ్వాళ్ళు ఎండిపోయాయి, లేచి తడపాలి. లేవలేదు. ఆ ఇరుకు మంచం మీదే వాలాను. ఆవిడ పిల్లిని తుడిచే ఆ తడిగుడ్డ అందుకుని నా నుదురు తుడవడం మొదలుపెట్టింది.