తల ఎత్తించే గ్లాసు

మామగారి ముక్కులోంచి వైన్ కారుతోంది. డాక్టరు ఆయన్ని కుర్చీలోంచి దించి, నేల మీద పక్కకి తిప్పి వీపు చరుస్తున్నాడు. ఊపిరి అందడం లేదు.

"ఏం కలిపావే అందులో?" ఆయన కొడుకు చిన్నోడు తన భార్య మణికట్టు పట్టుకున్నాడు. "పోసింది నువ్వేగా. పొద్దున ఫ్యాక్టరీ చేతికొచ్చింది, సాయంత్రానికి ముసలాయన బరువైపోయాడా?"

గాజు ఫ్యాక్టరీ పెత్తనం కన్నకొడుకుని కాదని కోడలికిచ్చాడు మామగారు. ఈ విందు అందుకే.

కోడలు చెయ్యి విడిపించుకుని, ఆయన గ్లాసులో మిగిలింది గటగటా తాగేసింది. "విషమైతే నేనూ పోతాను."

తాగుతుంటే గ్లాసు అంచు ముక్కుకి తగిలింది. తల దానంతటదే వెనక్కి వాలింది. అప్పుడు చూసింది చేతిలోది.

పక్షవాతం వచ్చాక మామగారి గొంతు సగమే పనిచేస్తోంది. గడ్డం దించి తాగాలి, తల ఎత్తితే వైన్ ఊపిరితిత్తుల్లోకే పోతుందని డాక్టరు ఇంటిల్లిపాదికీ చెప్పాడు. అందుకే ఆమె ఆయన కోసం వెడల్పు మూతి గ్లాసు చేయించింది. ఇది పొడుగ్గా, సన్నమూతితో ఉంది. చిన్నోడు నమూనా గీసి చేయించిన గ్లాసు. 'నాది పట్టుకుంటే ఎవడైనా తల ఎత్తాల్సిందే' అని ఊరంతా చెప్పుకునేవాడు.

"నేను పోసింది ఇందులో కాదు," అంది. "మీ ముందున్న దాంట్లో."

అతని కంచం పక్కన వెడల్పు గ్లాసు, నిండుగా, ముట్టకుండా.

"అందింది తీసుకున్నా. అదీ నేరమేనా?"

"అత్తయ్యా, నేను వంటింట్లో ఉన్నాను. డాక్టరుగారు ఫోన్లో ఉన్నారు. మీరిక్కడే కూర్చున్నారు."

అత్తగారు భర్త మూతి తుడుస్తోంది. "నాకు చూపు ఆనదమ్మా," అంది, కొడుకు వైపు చూడకుండా.

డాక్టరు మామగారి మెడ మీద నుంచి వేళ్లు తీశాడు. "లేరమ్మా."



"పోలీసులకి చెప్పాలి," అన్నాడు డాక్టరు. "గ్లాసు మార్చింది ఎవరని చెప్పను?"

"ఇంకెవరు? ఇదే," అన్నాడు చిన్నోడు. "అమ్మా, చెప్పవే."

ఆవిడ తుడిచిన గుడ్డ మడతపెట్టింది.

"బతుకుతారేమోనని నోరు మూసుకున్నాను," అంది డాక్టరుతో. "'కోపం లేదు నాన్నా, నా గ్లాసుతో ఒక్క గుక్క' అని బతిమాలాడు. కొడుకు రాజీకొచ్చాడని మురిసిపోయి తాగారు."

"ఎవరమ్మా?"

"మా చిన్నోడు."