తెర వెనక మైకక్క

బస్‌స్టేషన్‌లో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఆవిడను డ్రైవర్లంతా మైకక్క అంటారు. ఊళ్ళో ఆవిడ ముఖం ఎరిగినవాళ్ళు కొద్దిమందే కానీ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఏ మాటైనా రెండుసార్లు చెబుతుంది. ఉద్యోగమే అలాంటిది మరి. కూరలో ఉప్పు తక్కువైందన్నా రెండుసార్లే చెబుతుందని మొగుడు ఏడిపిస్తుంటాడు.

జబ్బు చేస్తే, పనిచేసే కంపెనీ ఇచ్చే వైద్యం కార్డు ఉందా లేదా అని చూడకుండా అందరికీ వైద్యం అందాలని కొత్త చట్టం తెస్తున్నారు. అందుకోసం ఒక కమిటీ జనం గోడు వింటోంది. భయపడేవాళ్ళు తెర వెనక నిలబడి చెప్పొచ్చు, పేరు కూడా అడగరు. ముఖం కనపడకపోతే చాలనుకున్నారు పాపం. ఆ కమిటీవాళ్ళెవరూ బస్సెక్కరు కాబోలు.

మైకక్కకూ అక్కడ చెప్పాల్సింది ఒకటుంది, పోయిన అత్తగారి సంగతి. కానీ భయమంతా మొగుడి గురించే. అతని మూత్రపిండాలు రెండూ పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించకపోతే మనిషి దక్కడు. ఆ ఖర్చు బస్‌స్టేషన్ నడిపే కంపెనీ ఆవిడకు ఇచ్చిన కార్డు మీదే నడుస్తోంది. కంపెనీ మీద చెప్పిందని తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం ఆవిడకు లేదు.

"వెళ్ళకు," అన్నాడు మొగుడు. "మా అమ్మ ఎలాగూ తిరిగిరాదు. నేనింకా ఉన్నాను కదా."

"గొంతు మార్చి మాట్లాడతానండీ. జలుబు చేసినట్టు."

"నువ్వా? నువ్వు తుమ్మినా ప్లాట్‌ఫారం నంబరు వినపడుతుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా అతను ఆవిడ చెయ్యి వదల్లేదు.

అయినా వెళ్ళింది. తెర సందులోంచి చూస్తే ముందు వరసలోనే కంపెనీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి పోదామనుకుంది కానీ, ఆసుపత్రి బెంచీ మీద అత్తగారి ముఖం కళ్ళముందు మెదిలింది.

"మా అత్తగారికి ఆయాసం," అని బొంగురుగా మొదలుపెట్టింది. "ఆవిడకు కార్డు వర్తిస్తుందో లేదో కంపెనీని అడగాలన్నారు ఆసుపత్రివాళ్ళు. కూర్చోండి, పిలుస్తాం అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆవిడ నా భుజం మీద తల వాల్చింది. చివరికి పేరు పిలిచారు. పలకడానికి మనిషి లేదు."

"వెనకవాళ్ళకు వినపడటం లేదమ్మా. కాస్త గట్టిగా చెప్పండి," అన్నాడు కమిటీ పెద్ద.

గట్టిగా అన్న మాట చెవిన పడగానే నడుము దానంతటదే నిటారయింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి," అనేసింది.

వెనక ఎవరో సంచీ పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. మేనేజరు ఫోనులోంచి తలెత్తి తెర వంక చూశాడు. ఇక చూపు తిప్పలేదు.

పుట్టి మునిగిందనుకుంది మైకక్క. మిగతాది గబగబా చెప్పేసి వెనక గుమ్మంలోంచి బయటపడింది. ఆ సాయంత్రం కంపెనీ నుంచి ఫోను రాలేదు. వచ్చి ఉంటే నయమనిపించింది.

మర్నాడు డయాలసిస్ సెంటర్‌లో కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు తీసుకుని కంప్యూటర్‌లో చూసింది. మళ్ళీ చూసింది.

"కంపెనీ నుంచి అనుమతి రావాలంటోందండీ. ఇంతకుముందెప్పుడూ ఇలా అడగలేదు. కూర్చోండి, పిలుస్తాం."

మొగుడు ఎవరేం చెప్పినా వినే మనిషి, ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ బెంచీ వైపు తిరిగాడు. మైకక్క అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కూర్చోం," అంది.

ఆ గొంతుకు అక్కడున్నవాళ్ళంతా తలలు తిప్పారు. రోగులు, తోడొచ్చినవాళ్ళు, నేల తుడుస్తున్న ఆయా కూడా. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"ఈయన పేరు ఇప్పుడే పిలవండి. పలకడానికి మనిషి ఉండగానే పిలవండి."

ఆ అమ్మాయి దిక్కులు చూసింది. మైకక్క మొగుడి చెయ్యి వదలకుండానే గొంతు సవరించుకుని, రెండోసారి చెప్పింది.