బల్లలో మోత

గంగామణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన బిడ్డ యమునకు చెవులు వినపడవేమో అని.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. నోటితో అంటే నిజమైపోతుందేమోనని అదొక భయం. యమునకు ఏడాది దాటింది, నడక వచ్చింది, పళ్ళు వచ్చాయి, మాట మాత్రం రాలేదు. పిలిస్తే ఒకోసారి చూస్తుంది, ఒకోసారి చూడదు. చూసిన రోజు గంగామణికి ప్రాణం లేచి వస్తుంది. చూడని రోజు పొయ్యి మీద అన్నం మాడుతున్నా వాసన తెలియదు. ఒకసారి పిల్ల వెనక ఇత్తడి చెంబు కింద పడేసింది. పిల్ల తిరిగి చూసింది. హమ్మయ్య అనుకుంది. మర్నాడు అదే చెంబును చేత్తో పైకెత్తి పట్టుకుని గరిటెతో కొట్టింది. పిల్ల తిరగలేదు. ఆటలో ఉంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని, ఆ రాత్రంతా కప్పు వంక చూస్తూ పడుకుంది.

"ఇంకా మాటలు రాలేదు కదా అత్తా" అని ఎప్పుడైనా మెల్లగా కదిపితే అత్త భూమవ్వ చేతిలోని బీడీ ఆకు దించకుండానే కసిరేది.

"వస్తయ్ తియ్యే. దీని నాయినకు మూడేండ్లకు గాని నోరు లేవలే. ఇప్పుడు సూడు, మూస్తున్నడా? బంగారమసొంటి పిల్ల. ఇంట్ల మైకు మోగినా పండుకున్న పిల్ల లేవది. గుడిల పావురానికి గంట సప్పుడు భయమా?"

మైకు ఇల్లే వాళ్ళది. గంగామణి మొగుడు హన్మాండ్లు బోధన్‌లో పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకు సెట్టు కడతాడు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే బాట పక్కనే ఇల్లు. ముందు గదిలో పెద్ద టేకు బల్ల, దాని మీద పాటను పెద్దగా చేసే ఇనప పెట్టెలాంటి వాల్వుల మిషను. హైదరాబాదులో ఎవరో ఉస్తాదు చేతులతో కట్టిన మిషను అది. ప్లగ్గు పెట్టగానే లోపల ఏదో గుయ్‌మంటుంది. ఆ తర్వాత కాసేపటికి గాజు వాల్వులు ఎర్రబడతాయి. అప్పుడుగాని పాట బయటికి రాదు. యమున ఆటా నిద్రా కూడా ఆ బల్ల మీదనే, మిషను పక్కన ఉన్న జాగాలోనే.

గంగామణి ధైర్యమంతా వేలాడుతున్నది కూడా ఆ మిషను మీదనే. పిల్ల ఎంత గుక్కపట్టి ఏడుస్తున్నా హన్మాండ్లు దాన్ని పెట్టాడంటే చాలు, ఏడుపు ఆపి, కళ్ళు పెద్దవి చేసి, రెండు చేతులతో బల్లను చరుస్తూ నవ్వేది.

"సూసినవా? నా బిడ్డకు నా మిషిను గొంతు తెలుసు" అనేవాడతను. వినపడని పిల్ల మైకుకు నవ్వుతుందా? గంగామణి పగలంతా ఆ ఒక్క ప్రశ్ననే జపంలా తిప్పుకునేది.

ఆ ఏడు, పోచంపాడు దగ్గర డ్యాము పని నడుస్తున్న రోజుల్లో, చెరుకు సీజను మధ్యలో జపాను మిషను వచ్చింది. షక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఆఫీసరు ఒకాయన యంత్రాలు చూసి రావడానికి జపాను పోయి, వస్తూ వస్తూ పాటలు వినడానికి తెచ్చుకున్నది. ఆయనకు బదిలీ అయింది. "విని చూడు హన్మాండ్లూ, నచ్చితే నీ దగ్గరే ఉంచుకో" అన్నాడట. హన్మాండ్లు దాన్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. నచ్చితే పాతదాన్ని జక్రాన్‌పల్లిలో ఎప్పటినుంచో అడుగుతున్నతనికి ఇచ్చేద్దామని అతని ఆలోచన.

గంగామణికి ఒకటే దిగులు. ఆ పాతది పోతే బిడ్డ దేనికి నవ్వాలి?

పొద్దున్నే ఇంటి ముందు పంచాయితీ మొదలైంది. చా హోటలు తుకారాం జపాను వైపు. భజనగుంపు పెద్ద లింబయ్య పాతదాని వైపు.

"ఏ దేశందైనా రానీ, మన భజన మొయ్యాలంటే మన మిషిన్‌తోనే అయితది" అన్నాడు లింబయ్య.

"అరే లింబన్నా, నువ్వింక జపానుదాన్ని ఇననే లేదు గదా!"

"నువ్వు ఇన్నవా? ఆ వెండి గుండీలు సూసి మురుస్తున్నవ్. కండ్లు సూస్తే చెవులు అబద్ధమాడ్తయిరా తుకారాం. పర్ద కట్టుండ్రి. ఏది మోగుతున్నదో తెల్వకుండ ఇని చెప్పాలె."

ఆ మాట హన్మాండ్లుకు నచ్చింది. గుమ్మానికి అడ్డంగా ధోతి కట్టారు. మైకు బూరను బయట వెదురు గడకు ఎత్తారు. రెండు మిషన్లూ లోపల ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు, అందుకని ఒకదాన్ని తీసి ఇంకొకటి పెట్టాలి. పక్కన స్టూలు మీద కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను, దాని మీద అదే ప్లేటు, అదే పాట, బయట అదే బూర. తీగలు మార్చే పని గంగామణిది. ఐదో తరగతిలో బడి మానిపించిన పిల్లే అయినా తీగలూ స్విచ్చులూ మొగుడికంటే శుభ్రంగా చూసుకుంటుంది. యమునను ఎప్పట్లాగే బల్ల చివర కూర్చోబెట్టుకుంది.

బయట చెరుకు బండ్లు నిలిపి జనం చేరారు. ధోతి సందులోంచి గంగామణికి ఒక ఆడమనిషి కనిపించింది. దెగ్లూరు దిక్కు నుంచి మొగుడితో బండి తోలుకుంటూ వచ్చిన రాధాబాయి. ఆకుపచ్చ చీర, గడ్డం మీద పచ్చబొట్టు. నీళ్ళ కోసం రెండు మూడు మార్లు వాళ్ళ ఇంటికి వచ్చిన మనిషే. సరిగ్గా బూర కింద నిలబడింది. భుజం మీద చంటివాడు నిద్రపోతున్నాడు.

"జరుగు బాయీ, పోరడు లేస్తడు" అన్నది భూమవ్వ.

"మావాడు గంతే అవ్వా. ఉరిమినా లేవడు" అని నవ్వింది రాధాబాయి.

"బంగారం. మా యమున లెక్కనే" అన్నది భూమవ్వ.

గంగామణి ముందు జపానుదాన్ని పెట్టింది. చప్పుడు లేదు, మోత లేదు. వాల్వులు నిప్పు కణికల్లా మెల్లగా రాజుకున్నాయి. ముల్లు ప్లేటు మీద ఆనించింది. పాట బయటికి వెళ్ళింది.

"గిదే జపాను!" తుకారాం గొంతు. "ఆ పాడెటామె పెదిమలు తడిచేసుకున్నది గూడ ఇనవడ్తున్నది!"

"ఇనవడ్తున్నది గని బలం లేదు" అన్నాడు లింబయ్య. "మీగడ తీసిన పాల లెక్కున్నది."

"నీ నోరువడ, గిదే మీగడ!" అన్నాడు హన్మాండ్లు, ఏ మిషనో తెలియకుండానే.

లోపల గంగామణి బిడ్డ ముఖం చూస్తోంది. యమున పాత మిషను మూతకున్న మరను గోటితో గీకుతోంది. పాట మొదలైనప్పుడూ తల ఎత్తలేదు, ఆగినప్పుడూ ఎత్తలేదు. కొత్త గొంతు కదా, అలవాటు లేదు కదా, అనుకుంది. తీగలు విప్పి పాతదానికి బిగించింది. ప్లగ్గు మార్చింది.

అంతే! యమున తల ఎత్తింది. కళ్ళు పెద్దవయ్యాయి. రెండు అరచేతులూ బల్లకు కొట్టి కిలకిల నవ్వింది.

గంగామణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుర్తుపట్టింది! బయట ఉన్న మొనగాళ్ళందరికంటే ముందే గుర్తుపట్టింది నా తల్లి! పైకే నవ్వేసింది.

"ఏందే లోపల నవ్వుతున్నవ్? దగా చేస్తున్నవా?" బయటినుంచి హన్మాండ్లు అరిచాడు. అందరూ నవ్వారు.

నవ్వుతూనే గంగామణి తన చేతి వంక చూసుకుంది. ముల్లు ఇంకా ఆ చేతిలోనే ఉంది, ప్లేటు మీద పెట్టనే లేదు. వాల్వులు ఇంకా ఎర్రబడలేదు. బయట బూర ఒక్క మాటైనా పలకలేదు.

మరి బిడ్డ దేన్ని విన్నది?

మెల్లగా అరచెయ్యి బల్ల మీద పెట్టింది. టేకు చెక్క లోపల ఏదో సన్నగా వణుకుతోంది, పిల్లి పొట్ట మీద చెయ్యి పెట్టినట్టు. ఆ మోత అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. జపాను మిషను కాళ్ళకు రబ్బరు బిళ్ళలు ఉన్నాయి. దాంట్లో ఈ మోత లేదు.

ముల్లు ఆనించింది. పాట మొదలైంది. పిల్లను ఎత్తి బల్ల దించి, మట్టి నేల మీద గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. యమున నవ్వు ఆగిపోయింది. పక్కనున్న దారపు ఉండను అందుకుంది. గంగామణి పాట ఆపింది, మళ్ళీ పెట్టింది. పిల్ల దారం లాగుతోంది. సౌండు పెంచింది. ఇంకా పెంచింది. ఉన్నదంతా తిప్పేసింది.

"తగ్గియ్యే గంగా! చెవులు పగుల్తున్నయ్!" బయటినుంచి హన్మాండ్లు కేకేశాడు.

"గిది మనదే! చెప్పలే నేను?" లింబయ్య అరుపు ఆ హోరులో సగమే వినిపించింది.

యమున ఆవులించింది.

గంగామణి ప్లగ్గు పీకింది. బిడ్డను చంకనేసుకుని ధోతిని పక్కకు లాగి బయటికి వచ్చింది.

"ఏదే ముందుగాలది? జపానుదే గదా?" అని ఎదురొచ్చాడు హన్మాండ్లు.

"యమునకు ఇనవడ్తలేదు."

"ఏంది?"

"మన బిడ్డకు చెవులు ఇనవడ్తలేవయ్యా."

హన్మాండ్లు నవ్వబోయాడు. "పిచ్చిదానా, పొద్దుమాపు నా మిషినికి నవ్వే పిల్ల..."

"నీ మిషిను పాటకు గాదు నవ్వేది. బల్లకు నవ్వుతున్నది. పో, ప్లగ్గు పెట్టి, ఆ బల్ల మీద చెయ్యి పెట్టి సూడు."

అతను లోపలికి పోయాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు కుడి అరచేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు, కాలినట్టు.

 లింబయ్య భజన సంచిలోంచి కంచు తాళాలు తీశాడు. గంగామణి వెనకగా వచ్చి, పిల్లకు కనపడకుండా, చెవికి జానెడు దూరంలో ఫెళ్ళున కొట్టాడు. బాట మీది ఎడ్లు బెదిరి కాడి గుంజాయి. యమున తల్లి మెడలోని నల్లపూసలను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

భూమవ్వ అరుగు మీద కూలబడింది. "నా నోట్లె మన్నువడ. బంగారం బంగారం అని నేనే అంటి" అన్నది, ఇంకెవరికీ కాదు, తన ఒళ్ళో ఉన్న ఆకుల చాటకు చెప్పినట్టు.

మర్నాడు మొదటి బస్సుకు నిజామాబాదు పోయారు. దవాఖానలో డాక్టరమ్మ పిల్ల చెవుల్లో దీపం వేసి చూసింది, వెనక నుంచి గంట కొట్టింది, చిటికెలు వేసింది. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇక్కడ తేలదు, హైదరాబాదులో పరీక్ష చేస్తారని చీటీ రాసిచ్చింది. ఇలాంటి పిల్లలకు పెదవులు చూపించి మాట నేర్పే బడి ఉందని, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని చెప్పింది. అప్పుడు అడిగింది, ఎలా కనిపెట్టారని. హన్మాండ్లు తల దించుకుని రెండు మిషన్ల సంగతీ బల్ల సంగతీ చెప్పాడు.

"చప్పుడున్న ఇళ్ళల్లో ఇదే బాధ" అన్నది డాక్టరమ్మ. "ఎంత గోలలోనైనా లేవడు, బుద్ధిమంతుడు అని మురిసిపోతారు. మాటలు రావలసిన వయసు దాటేదాకా ఎవరికీ అనుమానం రాదు."

గంగామణికి రాధాబాయి గుర్తొచ్చింది. కళ్ళ ముందు ఆకుపచ్చ చీర, బూర కింద భుజం మీద వాలిన చిన్న తల. ఉన్న సౌండంతా తిప్పినప్పుడు హన్మాండ్లే చెవులు పగులుతున్నాయని అరిచాడు. లింబయ్య తాళాలకు ఎడ్లు బెదిరాయి. ఆ చంటివాడు లేచాడా? ఆమె గుర్తు చేసుకోవాలని ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. అప్పుడు ఆమె చూసింది తన బిడ్డను మాత్రమే.

బస్సు దిగీ దిగగానే బండ్లు నిలిపే చోటికి పరుగెత్తింది. బూడిదైన పొయ్యిరాళ్ళు మిగిలాయి. రాధాబాయి వాళ్ళు మెండోర దిక్కు పోయారని ఒకరన్నారు, దెగ్లూరుకే మళ్ళారని ఇంకొకరన్నారు. ఆనాటి నుంచి ఆ బాట మీద పోయే ప్రతి బండినీ ఆపి అడుగుతూనే ఉంది. హన్మాండ్లు జపానుదాన్ని ఉంచుకున్నాడు. పాతదాన్ని ఇవ్వనని జక్రాన్‌పల్లికి కబురు చేశాడు. అది ఇప్పటికీ బల్ల మీదనే ఉంది. హైదరాబాదు పోయే రోజు దగ్గరపడుతోంది. యమున ఇప్పుడు అమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి నవ్వుతుంది, బల్లకు నవ్వినట్టే. గంగామణి ఆ చేతి కింద పొద్దంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.

కానీ భయం సగమే తీరింది. మిగతా సగం బండి మీద తిరుగుతోంది. వాడు ఉత్త నిద్రమొద్దే కావచ్చు. అట్లే కావాలని ఆమె రోజూ మొక్కుతుంది. మీరు ఏ చెరుకు బాటనైనా పోతుంటే, గడ్డం మీద పచ్చబొట్టున్న రాధాబాయి, భుజం మీద పిల్లవాడు కనపడితే, ఆమెను కంగారు పెట్టకండి. మాటల్లో పెట్టి, పిల్లవాడి వెనక నిలబడి, వాడికి కనపడకుండా, వాడిని గానీ బండిని గానీ తాకకుండా, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి.