గోదాదేవి ఎడమకాలు

ఫ్యాక్టరీకి రాగానే గోదాదేవి మొదట చేసే పని మేజోళ్ళు జాడించడం. ఎక్కడో పరదేశంలో ఎవరో తొడిగి విప్పి కొరియర్లో పంపిన మేజోళ్ళను అట్లాగే కాలికెక్కించుకోవడానికి ఆమెకు మనసొప్పదు. పెనిమిటి గుడి వంటశాలలో ప్రసాదాలు వండిన ఇల్లు ఆమెది. క్యాంటీను వెనక కుళాయి దగ్గర పసుపునీళ్ళలో ముంచి, పిండి, తీగ మీద ఆరేస్తుంది. అవి ఆరేదాకా కాఫీ తాగుతూ శాంపిల్ రూములో తన కుర్చీలో కూర్చుంటుంది.

ఎవరి మేజోడు తొడిగితే ఆమె కాలు వాళ్ళ కాలవుతుంది. చర్మం మాత్రం గోదాదేవిదే. ఎముక, కండ, పొడుగు, లావు అన్నీ అవతలివాళ్ళవి. ఆ గడియలో వాళ్ళకు నొప్పి ఉంటే ఈమెకూ అదే నొప్పి. విప్పితే మళ్ళీ తన కాలు తనకు వస్తుంది. తిరుపతిలో వాళ్ళ వీధివాళ్ళు పెళ్ళికొడుక్కి బూట్లు కొనాలంటే అతని మేజోడొకటి అడిగి తెచ్చుకుని, గోదాదేవిని వెంటబెట్టుకుని అంగడికి పోయేవాళ్ళు. ఆ సంగతి ఫ్యాక్టరీ మేనేజరు బాలసుబ్రమణ్యం చెవిన పడింది. పిలిచి ఉద్యోగమిచ్చాడు.

ఏర్పేడు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి మంచు మీద జారే బూట్లు. కుట్టే ఆడపిల్లల్లో ఒక్కరు కూడా ఫ్రిజ్జులో తప్ప మంచు చూసింది లేదు. కోమలి కూడా చూడలేదు. అయినా ఆ బూట్లకు రూపం గీసేది ఇప్పుడు ఆమే. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. కుట్టు లైనులో ఉన్నప్పుడే, తిప్పి పంపిన బూట్లను భోజనాల వేళ విప్పదీసి లోపల ఏముందో చూసేది. ఫోనులో వీడియోలు చూసి గీతలు నేర్చుకుంది. కుదురుగా కూర్చునే మనిషి కాదు. కూర్చుంటే మోకాలు ఊపుతుంది, నిలబడితే చేతిలో కత్తెర ఆడిస్తుంది.

మంచు బూటు మామూలు బూటు లాంటిది కాదు. పైన ప్లాస్టిక్ డొప్ప, లోపల మెత్త. పిక్క సగం దాకా కాలిని పట్టేస్తుంది. వదులైతే మనిషి పడతాడు, బిగుతైతే రక్తం ఆడదు. పాత బూట్లకు ముందువైపు బకిల్స్ ఉండేవి. అవి బిగించిన చోట నొక్కేవి, తక్కిన చోట వదిలేసేవి. కోమలి వాటిని తీసేసింది. చిన్నప్పుడు చిత్తూరు మండీలో మామిడి గంపలకు తాడు కట్టడం చూసింది. ఒకే తాడు చుట్టూ తిరుగుతుంది, ఒక కొస లాగితే గంప అంతా ఒకే తీరుగా బిగుస్తుంది, లోపల కాయ కమలదు. డొప్పను ఒకదాని మీదొకటి ఎక్కే రెండు రెక్కలుగా కోసి, చుట్టూ ఒకే తీగ తిప్పి, వెనక ఒక మరతో బిగించేట్టు చేసింది.

ఈ జత లేనా అనే ఆస్ట్రియా పిల్లకు. పోయిన చలికాలంలో కొండ మీద పడి ఆ పిల్ల ఎడమకాలు విరిగింది. ఎముక అతుక్కుంది, మళ్ళీ పందెంలో దిగబోతోంది. బూటు ఏ ఒక్క చోట ఎక్కువ నొక్కినా ఆ కాలు మళ్ళీ అదే చోట విరుగుతుందని అక్కడి డాక్టర్లు రాసి పంపారు. సాయంత్రం వీడియోలో లేనా ఎదుటే బూటు తొడిగి చూపించాలి. కుదిరితే అది అట్లే విమానమెక్కుతుంది. ఒక మనిషి కాలు తన కత్తెర మీద ఆధారపడి ఉందని కోమలి పొద్దుటినుంచీ ఆ మరను విప్పి బిగించి చూస్తూనే ఉంది.

గోదాదేవి తీగ మీది బూడిదరంగు మేజోళ్ళ జత తెచ్చి తొడుక్కుంది. కోమలి ఆమె కాళ్ళకు పలచని కాగితం చుట్టింది. ఒత్తిడి తగిలినచోట ఆ కాగితం ఎర్రబడుతుంది. ఒత్తిడి సమంగా ఉంటే అంతా ఒకే తీరు గులాబీరంగు. బూట్లు ఎక్కించి మర తిప్పింది, కాసేపాగి విప్పి చూసింది.

కుడికాలి కాగితం లేత గులాబీరంగులో తేలింది. ఎక్కడా మచ్చ లేదు. ఎడమకాలికి మాత్రం పిక్క మీద, కాస్త లోపలివైపు, కాగితం రక్తం పూసినట్టుంది.

"నొప్పిగా ఉందా గోదమ్మా?"

"పెనం మీద పెట్టినట్టుండాది."

విరిగిన కాలు కదా, వాపు ఉంటుందిలే అనుకుంది కోమలి. అసలు మెత్తను తీసి బల్లకింద పెట్టి, ఇంకో మెత్తను ఆ చోట కాస్త చెక్కి మళ్ళీ తొడిగింది. మచ్చ చిన్నదయ్యింది, నొప్పి తగ్గలేదు. ఇంకాస్త చెక్కింది. మచ్చ పెద్దదయ్యింది. చెక్కిన మెత్త అవతల పారేసి కొత్త మెత్త కోసింది. భోజనాల గంట మోగినా లేవలేదు. గోదాదేవి ఊరగాయ అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసింది. మామూలుగా ఎంత బిగుతు బూటు తొడిగినా గోవిందా గోవిందా అంటూ నవ్వే మనిషి, ఇవాళ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

బాలసుబ్రమణ్యం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమయిందని అడిగితే కోమలి తలెత్తకుండానే, ఎడమకాలికి కుదరలేదని చెప్పింది. పాత బకిల్సే పెట్టేద్దామా అని అతను మెల్లగా అడిగాడు. కోమలి ఇంకో మెత్త అందుకుంది.

మొదటి షిఫ్టు విడిచే సైరన్ మోగింది. బస్సులు ఒక్కొక్కటీ గేటు దాటుతున్న చప్పుడు వినిపిస్తోంది. గోదాదేవి ఉన్నట్టుండి అంది.

"కోమలీ, కాగితం సూసింది చాలు. కాలు సూడు. ఇది ఉబ్బుతా ఉండాది."

అప్పుడు చూసింది. పొద్దుటికీ ఇప్పటికీ మేజోడు బిగుసుకుపోయి, పైఅంచు కండలోకి దిగిపోయింది. కోమలి కింద కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలి పక్కన ఎముక బయటికి పొడుచుకొచ్చింది. మడమ ఒక పక్కకు అరిగింది. చీలమండ మీద రేగిపండంత బుడిపె.

ఆ బుడిపె ఆమె వేళ్ళకు తెలుసు. కత్తెర పట్టిన కొత్తలో, పాత రెగ్జిన్ సీటు కోసి మొట్టమొదట చెప్పులు కుట్టింది ఆ పాదానికే. పట్టీ ఆ బుడిపెకు రాసుకుంటోందని ఎన్నిసార్లు విప్పి కుట్టిందో ఆమెకే తెలియదు.

"ఇది మా నాయన కాలు" అంది కోమలి.

వెంకటముని ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. శాంపిల్‌గా వచ్చి మిగిలిపోయిన మంచు మేజోళ్ళను ఫ్యాక్టరీవాళ్ళు డ్రైవర్లకూ గేటు కాపలావాళ్ళకూ ఇచ్చేస్తారు. డ్రైవర్లు క్లచ్ తొక్కేటప్పుడు మెత్తగా ఉంటుందని అవే తొడుక్కుంటారు. పొద్దున కుట్టు పిల్లల్ని దించాక ఉతుక్కుని ఆ క్యాంటీను తీగ మీదే ఆరేస్తారు. అన్నీ బూడిదరంగే. గోదాదేవి కుడికాలికి లేనా మేజోడు దొరికింది. ఎడమకాలికి వెంకటమునిది దొరికింది.

కోమలి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. నాయన బస్సు నిలిచే చోటు ఖాళీగా ఉంది.

నాయనకు ఫోన్ చేసింది. బండి నడిపేటప్పుడు ఆయన ఫోను టిఫిన్ సంచిలో పెట్టి సీటు కింద తోసేస్తాడు. మోగి మోగి ఆగిపోయింది. అదే బస్సులో పోతున్న కుట్టు లైను స్నేహితురాలు స్టెల్లాకు చేసింది. స్టెల్లా ముందుకు పోయి చెప్పి చూసింది. కాలు బాగానే ఉందనీ, నడిరోడ్డు మీద బస్సు నిలపనని కోమలికి చెప్పమనీ ఆయన అన్నాడట. మునిమామ ముఖం మాత్రం బాలేదే, చెమటలు కారుతున్నాయి, అంది స్టెల్లా.

"నీకు వాంతి వస్తున్నట్టు చెయ్యే" అంది కోమలి.

"యాడ?"

"ఆయన సీటు పక్కనే."

బస్సు కడిగేది వెంకటమునే. ఎవరికి కడుపులో తిప్పినా ఆయన ఆలోచించకుండా బ్రేకు వేస్తాడని బస్సులో పిల్లలందరికీ తెలుసు. ఫోనులో కోమలికి స్టెల్లా ఓకరింపు, టైర్ల చప్పుడు, తలుపు తెరుచుకోవడం వినిపించాయి. ఆ తర్వాత పిల్లల గోల. దించడానికి లేచిన మునిమామ కాలు ఆనించలేక మెట్టు మీదే కూలబడ్డాడంది స్టెల్లా. రేణిగుంట దగ్గర్లోనే ఉన్నామంది. ఆటో ఎక్కించి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపొమ్మంది కోమలి.

బాలసుబ్రమణ్యం తన మోటార్‌సైకిల్ తాళం బల్ల మీద పెట్టాడు. "పోమ్మా. లేనావాళ్ళతో నేను మాట్లాడతా."

"నేను మేజోడు విప్పను. ఆడికి పోగానే నాకు ఫోను కలుపు" అంది గోదాదేవి.

కోమలి పోయేసరికి నాయన ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు, పడుకోకుండా, కాళ్ళు కిందికి వేలాడదీసి. పైకి మడిచిన ప్యాంటును కిందికి దించి వాపు కప్పేసుకున్నాడు. డాక్టరు కుర్రవాడు, అప్పటికే బయట వరండా నిండా జనం. ఏమైందని అడిగితే పిక్క పట్టేసింది సార్ అంటున్నాడు వెంకటముని. ఎన్నాళ్ళనుంచి అంటే ఇవాళే అన్నాడు. ఇప్పుడెట్లా ఉందంటే తగ్గిపోయిందన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎందుకో కోమలికి తెలుసు. కాలు చెడిందని ఒక్కసారి కాగితం మీద పడితే స్టీరింగు మళ్ళీ చేతికివ్వరు. తోటి డ్రైవరు గంగాధరం గతి ఆయన చూశాడు. ఇప్పుడతను గేటు దగ్గర బండ్లకు చీటీలిస్తున్నాడు.

డాక్టరు నొప్పి మాత్రలు రాయబోయాడు. కోమలి ఫోను స్పీకరులో పెట్టి మంచం మీద ఉంచింది.

"డాక్టరుగారూ, ఈమె మా ఫ్యాక్టరీలో గోదమ్మ. మా నాయన మేజోడు తొడుక్కోని ఉండాది."

గోదమ్మ మేజోళ్ళ సంగతి తిరుపతిలో విన్నవాడే, డాక్టరు పెన్ను ఆపాడు. "ఎడమకాలిదేనా అమ్మా?"

"ఎడమదే. ఆయప్ప చెప్పేది అబద్ధం. ఏమీ తగ్గలేదు. కదలకుండా కూర్చున్నా లోపల తాడుబెట్టి లాగతా ఉండాది. పొద్దున పిక్కలోనే ఉన్నింది. ఇప్పుడు మోకాలెనక నుంచి తొడలోకి ఎక్కతా ఉండాది. వేడి కూడా."

"ఏమమ్మా, నా కాలితో నీకేం పని?" వెంకటముని ఫోనువైపు కసిరాడు.

"నేనేమన్నా అడిగి తెచ్చుకున్నానా మునీ? నీ కాలు నాకు తగులుకునింది. పొద్దున్నించి మోస్తా ఉండా, కూలీ కూడా లేదు."

వరండాలో ఎవరో నవ్వారు. డాక్టరు నవ్వలేదు. వంగి ప్యాంటు పైకి లాగి, తొడ లోపలివైపు వేలితో నొక్కాడు. వెంకటముని పళ్ళు బిగించాడు. ఫోనులో గోదాదేవి అబ్బా అంది. వెంటనే చక్రాల కుర్చీ తెప్పించాడు.

స్కానింగులో పిక్క నుంచి తొడ దాకా రక్తం గడ్డకట్టి ఉంది. ముక్క ఊడి పైకి పోయి ఉంటే ఊపిరి అక్కడికక్కడే ఆగేదని డాక్టరు కోమలిని పక్కకు పిలిచి చెప్పాడు. ఇంటికి పోయి మాత్ర వేసుకుని పడుకుని ఉంటే అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయలేదు. సూదిమందు మొదలైంది. ఈ పొద్దూ రేపూ కాలు ఎట్లా ఉందో దాచకుండా చెబుతుండాలి, నొప్పి పెరిగినా, ఎదలో పట్టినా వెంటనే తెలియాలి, అన్నాడు. కోమలి తలూపింది. ఫోను దిండు పక్కనే పెట్టింది. నర్సు వచ్చి అడిగినప్పుడల్లా వెంకటముని గోడవైపు తిరిగేవాడు. ఫోనులోంచి గోదాదేవి చెప్పేది.

పొద్దు వాలుతుండగా గోదాదేవి నర్సు అడగకుండానే, తనంతట తానే మాట్లాడింది.

"కోమలీ, ఆ పిల్ల టీవీలో కూర్చోని శానాసేపాయె. సారు సంగతంతా చెప్పినాడు. పరవాలేదు, ఉంటానని ఆ పిల్ల అనింది. కానీ విమానానికి పోయే బండి గేటుకాడ కాసుకోనుండాది. నీ అసలు మెత్త బల్లకింద దొరికింది, దాన్నే పెట్టినాము. ఇంక నేను ఈ మేజోడు విప్పి, తీగ మీద మిగిలిపోయిన ఆ పిల్లది తొడగాల. ఏం చెయ్యమంటావు?"

కోమలి మంచం అంచున కూర్చుంది. మోకాలు ఊగడం మొదలైంది. విప్పితే నాయన కాలి సంగతి నాయనకు తప్ప ఎవరికీ తెలియదు. నాయన చెప్పడు. చెయ్యి విరిగినప్పుడు కూడా జ్వరమని చెప్పి మూడు రోజులు బండి నడిపిన మనిషి. విప్పకపోతే, మెత్త సరిపోయిందో లేదో తెలియకుండానే లేనా కాలు కొండ దిగుతుంది.

"గోదమ్మా..." అని ఆగిపోయింది.

ఫోనులో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత గోదాదేవి గొంతు కోమలితో కాకుండా నేరుగా దిండుతో మాట్లాడినట్టు వచ్చింది.

"మునీ, ఇనబడతా ఉండాదా? నేను ఇడిచేస్తా ఉండా. ఇంక నీ కాలు నీదే. నువ్వే చెప్పుకోవాల."

వెంకటముని గోడవైపే ఉన్నాడు. వీపు మాత్రం కదిలింది.

"విప్పు గోదమ్మా" అంది కోమలి.

అవతల బట్ట లాగిన చప్పుడు. అమ్మయ్యా అని గోదాదేవి పెద్దగా ఊపిరి విడవడం. ఆ తర్వాత ఫోను మూగబోయింది.

కిటికీ అవతల బస్టాండువైపు పోయే బస్సుల హారన్లు. ఒక్కో హారన్‌కు వెంకటముని కుడికాలు దుప్పటి కింద కాస్త కదులుతోంది. ఎడమది కదలడం లేదు. కోమలి అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో తెలుసు. ఫోనులో ఫొటో వచ్చిన చప్పుడైంది. తెరిచింది. ఎడమ బూటులోంచి తీసిన కాగితం, బల్ల మీద పరిచి ఉంది. అంచునుంచి అంచుకు లేత గులాబీరంగు, ఒక్క మచ్చ లేదు. కోమలి దాన్ని చూస్తూనే ఉంది గానీ, సంతోషం ఇంకా ఆమె దాకా రాలేదు.

పరదా జరిగింది. నర్సు లోపలికొచ్చి, అలవాటుగా, దిండు పక్కనున్న ఫోనువైపు వంగింది.

"ఎట్లుంది అమ్మా ఇప్పుడు?"

ఫోను పలకలేదు. నర్సు కోమలివైపు చూసింది. కోమలి నాయన వీపువైపు చూసింది.

మంచం కిర్రుమంది. వెంకటముని మెల్లగా, రెండు చేతులతో ఎడమ తొడ పట్టుకుని, ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నొప్పుండాది తల్లీ" అన్నాడు. "పది దినాలుగా ఉండాది. ఈడ, తొడకాడ... ఇప్పుడు ఇంకా ఎక్కువుండాది. డాక్టరును పిలువు."