మబ్బుదూడకు కొమ్ములెన్ని?

నేను ఒక గుడ్డబొమ్మను. ఇంతవరకు గట్టిగా చెప్పగలను. ఏం బొమ్మవని అడిగితే మాత్రం నాకు తెలియదు. నన్ను కుట్టినామెకూ తెలియలేదు. చూసినవాళ్లు తలా ఒక మాట అన్నారు. నన్ను కాకినాడ తీసుకెళ్లిన బస్సులో పక్కసీటు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, పిల్లి అయివుంటుందని తేల్చేశాడు. ఏ వస్తువు కనబడినా వెంటనే దానికొక పేరు తగిలించాలని మనుషులకు ఎందుకంత తొందరో నాకు అర్థం కాదు.

నా ఒళ్లు ఒక పాత బూడిదరంగు లంగా. లోపలున్నది చిరిగిన దిండులోని బూరుగు దూది. రెక్కలు గాలికి తిరగబడి విరిగిన గొడుగువి. తోక ఒకప్పుడు జడకుచ్చు. కళ్లు రెండు బొత్తాలు. ఒకటి చొక్కాది, రెండోది స్వెట్టరుది కావడంతో ఒక కన్ను పెద్దదైంది. వీటన్నిటికీ అంతకుముందు ఎవరి బతుకు వాళ్లకుండేది. ఒకరోజు అన్నిటినీ ఒకచోట చేర్చి, ఇకనుంచి మీరంతా ఒక్కరే అన్నారు. నా అయోమయం అక్కడే మొదలైంది.

నన్ను చేసింది మల్లేశ్వరి. మండపేటలో ఒక కాన్పుల ఆసుపత్రిలో నర్సు. ఆమెకు కుట్టుపని రాదు. డాక్టర్లు వేసే కుట్లు చూసి చూసి ఆ ముడే చేతికి అలవాటైంది. నన్నూ అలాగే, ప్రతి కుట్టుకూ ఒక ముడి వేసి కుట్టింది. అందుకే నేను ఏదో పెద్ద ఆపరేషనయి ఇప్పుడే లేచినట్టుంటాను.

నన్ను చేసింది లిఖిత పుట్టినరోజు కోసం. లిఖిత మల్లేశ్వరి తమ్ముడు భాస్కర్ కూతురు. తల్లి జ్వరంతో పోయేనాటికి ఆ పిల్ల ఇంకా పాకుతోంది. భాస్కర్‌ది కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. పిల్లను తెచ్చి అక్క చేతుల్లో పెట్టాడు. మల్లేశ్వరికి పెళ్లి కాలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అని నవ్వేసేది. పిల్ల ఆమెను మల్లత్తా అని పిలుస్తూ, ఆమె పక్కలోనే పడుకుంటూ, బడికి వెళ్లే వయసుకు వచ్చింది. అప్పుడు భాస్కర్ హైమ అనే ఆమెను పెళ్లి చేసుకుని పిల్లను తన దగ్గరికి తీసుకుపోయాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేనప్పుడు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆ రోజు మల్లేశ్వరి ఇల్లంతా ఫినాయిలుతో కడిగిందట. ఈ సంగతి నా లంగా గుడ్డకు గుర్తుంది.

లిఖితకు అన్నం తినిపించడం మామూలు పని కాదు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేది. దాన్ని మింగించడానికి మల్లేశ్వరి ఒక జంతువును పుట్టించింది. పేరు మబ్బుదూడ. అది ఆకాశంలో మబ్బులు మేస్తుంది. కడుపు నిండితే వాన కురిపిస్తుంది. కోపం వస్తే ఉరుముతుంది. ఒకరోజు దానికి ఒంటికొమ్ము, మర్నాడు రెండు. ఒకనాడు రెక్కలతో ఎగిరేది, ఇంకోనాడు జారుడుబండ మీద జారినట్టు వానచుక్కల మీద జారేది. చెప్పే మనిషి ఎంత అలిసిపోయి ఇంటికి వచ్చిందో దాన్ని బట్టి దూడ మారిపోయేది.

పిల్ల వెళ్లిపోయాక వచ్చిన మొదటి పుట్టినరోజు అది. మల్లేశ్వరి బజారులో బొమ్మలన్నీ తిరగేసి ఒట్టి చేతులతో వచ్చింది. అవన్నీ కాకినాడలోనూ దొరుకుతాయి. మబ్బుదూడ మాత్రం తామిద్దరికే తెలుసు. దాన్నే చేసి ఇద్దామనుకుంది. ఒళ్లు కుట్టడం పూర్తయింది. తల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను బయటికి తీసింది. ఆయా పైడమ్మ వంగి చూసింది.

"ఏంటండీ నర్సమ్మగారూ ఇది, మేకా?"

"మేకేంటి పైడమ్మా, మబ్బుదూడ."

"దూడకి కొమ్ములేవండీ మరి?"

"అదేగా నా బాధ. ఒకటో రెండో తెలీడం లేదు."

"మీరు పుట్టించిందే కదండీ. మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాదండీ?"

తెలిసినవాళ్లు ఇంకొకరున్నారని మల్లేశ్వరి ఫోను తీసింది. అవతల లిఖిత గొంతు వినగానే ఆమె ముఖమంతా విప్పారింది.

"లిక్కీ, మన మబ్బుదూడకి కొమ్ములెన్నే?"

అవతల పిల్ల గోటితో ఫోను మీద టకటకా కొడుతోంది.

"చెప్పమ్మా. రెక్కలుంటాయా?"

"ఏమో అత్తా. నాకు తెలీదు. నేను ఆడుకోవాలి."

పిల్ల ఫోను పెట్టేసింది. మల్లేశ్వరి నన్ను ఒళ్లో పెట్టుకుని, "మర్చిపోయింది పైడమ్మా" అంది. "చిన్నపిల్ల కదండీ" అంది పైడమ్మ. ఆ మాటతో మల్లేశ్వరికి ఊరట కలిగిందో, దుఃఖం ఇంకా పెరిగిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఆమె దేనికీ కాదనకుండా అన్నీ కుట్టేసింది. నుదుటి మీద ఒక పెద్ద కొమ్ము, చెవుల పక్కన రెండు చిన్న కొమ్ములు, రెక్కలు, తోక. ఏ ఒక్కటైనా పిల్లకు గుర్తుకు రాకపోతుందా అని ఆశ. నాకైతే తల బరువెక్కి మెడ నిలవలేదు.

కాకినాడలో ఆ ఇంటి హాలంతా బుడగలు కట్టారు. గుమ్మంలోనే హైమ ఎదురొచ్చి సంచీ అందుకుంది. మంచి మనిషిలాగే ఉంది. పక్కకు పిలిచి మెల్లగా అడిగింది.

"వదినగారూ, మీ దగ్గర కూడా ఇలాగే ఉండేదాండీ? ఏం పెట్టినా మారుమాట లేకుండా తినేసి కంచం సింకులో పెట్టేస్తుంది. ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదండి నా దగ్గర."

పేచీ పెట్టని లిఖితను మల్లేశ్వరి ఎరగదు.

కేకు కోయడం అయ్యాక పిల్లలంతా చూస్తుండగా లిఖిత నా మీది కాగితం చింపింది. నన్ను పైకెత్తి అటూ ఇటూ తిప్పింది.

"పందిపిల్ల!" అన్నాడొక పిల్లాడు.

"కాదు, గబ్బిలం!" అంది ఇంకో పిల్ల.

అందరూ నవ్వారు. లిఖిత నవ్వలేదు. ఆమె ముఖం చిన్నబోయింది.

"మన మబ్బుదూడే లిక్కీ" అంది మల్లేశ్వరి.

"ఇది మబ్బుదూడ కాదు" అంది లిఖిత. నన్ను కుర్చీ మీద పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయింది. నేను జారి కుర్చీ కింద పడ్డాను.

"సరేలే, ఇంకేదో అనుకో" అని మల్లేశ్వరి కూడా నవ్వి వంటింట్లోకి వెళ్లింది. ఎవరూ చెప్పకుండానే సింకులో గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. పంపు ధారగా పోతూనే ఉంది. నేను కుర్చీ కింద పడివున్నాను. మబ్బుదూడను కానని తేలిపోయింది. మరి నేనెవరు? అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

పిల్లలు వెళ్లాక హైమ కాగితాలు ఏరుతూ నన్ను చూసింది. బాల్కనీకి తీసుకుపోయి లిఖిత పక్కన నేల మీదే కూర్చుంది.

"మబ్బుదూడంటే ఏంటమ్మా?"

లిఖిత మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. హైమ నా రెక్క సవరిస్తూ కూర్చుంది. కాసేపటికి పిల్ల దుఃఖం కట్టలు తెంచుకుంది.

"మల్లత్త మర్చిపోయింది పిన్నీ! ఫోన్ చేసి కొమ్ములెన్నని నన్నడిగింది! అది రోజూ మారిపోద్ది. ఆకలేస్తే ఒకలా ఉంటది, కోపమొస్తే ఒకలా ఉంటది. మల్లత్తకి తెలుసు. ఇప్పుడు మర్చిపోయింది. నేను లేను కదా, అందుకే మర్చిపోయింది!"

వంటింట్లో పంపు ఆగింది. మల్లేశ్వరి చేతులకు సబ్బునురుగుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా పిల్ల మర్చిపోయిందని ఆమె, ఆమె మర్చిపోయిందని పిల్ల. మధ్యలో నేను, మూడు కొమ్ములతో.

"మర్చిపోలేదే లిక్కీ..." అని మాత్రం అనగలిగింది.

ఇద్దరినీ చూసి హైమ లేచి వెళ్లి, ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో సూదులు, దారాలు, జాకెట్లకు కుట్టే, నొక్కితే పట్టుకుని లాగితే ఊడే టిచ్ బటన్లు ఉన్నాయి.

"రోజూ మారాలంటే ఊడొచ్చేలా కుట్టాలి కదమ్మా" అంది. "వదినగారూ, ఈ ముడులు నా వల్ల కాదండి. మీరే విప్పాలి."

అలా నన్ను విప్పారు. కొమ్ములు ఊడదీశారు, రెక్కలు ఊడదీశారు, తోక కోశారు. పుట్టినరోజు కానుకకు ఇలాంటి గతి పడుతుందని నేను అనుకోలేదు. నేల మీద నేను ఒకచోట, నా సామాన్లు ఒకచోట. వాటికి ఒక్కొక్కటిగా టిచ్ బటన్లు కుడుతూ ఇద్దరు ఆడవాళ్లూ చెరో పక్కన కూర్చున్నారు. మధ్యలో లిఖిత బోర్లా పడుకుని కథ మొదలుపెట్టింది.

"ఒకసారి మబ్బుదూడకి దాహమేసింది పిన్నీ. అప్పుడు దానికి ఒకే కొమ్ముంటది. ఆ కొమ్ముతో..."

"చెరువులో నీళ్లు తాగిందా?" అంది హైమ.

"కొమ్ముతో ఎవరైనా తాగుతారా? మబ్బుకి కన్నం పెట్టింది!"

హైమ ప్రతిదీ తప్పుగా అడిగేది. కావాలని అడిగేదో, నిజంగానే తెలియకో. లిఖిత విసుక్కుంటూ సరిచేసేది. మల్లేశ్వరి తాను పుట్టించిన కథను మొదటిసారి వినేదానిలా వింటోంది. అందులో తాను ఎప్పుడూ చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. మబ్బుదూడ కాకినాడ సముద్రం ఎప్పుడు చూసిందో ఆమెకు తెలియదు.

"అయితే అప్పుడది ఇంటికెళ్లిపోయిందా?" అంది హైమ.

"అబ్బా, అది కాదత్తా! దానికి ఇల్లు లేదు..."

లిఖిత చెప్పుకుపోతూనే ఉంది. తాను హైమను అత్తా అన్నానని పిల్లకు తెలియలేదు. హైమకు తెలిసింది. తలెత్తకుండా సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది, దారం అప్పటికే ఎక్కి ఉన్నా. మల్లేశ్వరి చేతిలో నా కొమ్ము ఉంది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు కుట్టు వేయలేదు. ఆ తర్వాత వేసిన ముడి మిగతావాటికన్నా గట్టిగా పడింది. ఇప్పటికీ ఆ బటను ఊడలేదు.

చీకటి పడకముందే మల్లేశ్వరి బయల్దేరింది. ఆటో వరకు హైమ సంచీ మోసుకుని వెళ్లింది. నన్ను చంకలో పెట్టుకుని లిఖిత వెంట నడిచింది.

"వచ్చే ఆదివారం రండి వదినగారూ. ఇంకా సగం కథే అయింది."

"మిగతా సగం నాకూ తెలీదమ్మా. లిక్కీనే అడుగు" అంది మల్లేశ్వరి.

లిఖిత ఆటోలోకి ఎక్కి ఆమె మెడ పట్టుకుని ఊగింది. "వచ్చేటప్పుడు మళ్లీ అడక్కు, కొమ్ములెన్నని" అంది. మల్లేశ్వరి నవ్వింది. పిల్ల దిగింది, ఆటో కదిలింది. ఆ నవ్వు ఎంతసేపు ఉందో నాకు తెలియదు. పిల్ల చంకలో నా ముఖం ఇంటివైపు తిరిగి ఉంది.

ఇది జరిగి చాలాకాలమైంది. లిఖిత ఇప్పుడు పైతరగతులు చదువుతోంది. నేను ఇనప బీరువా మీద, ఇస్త్రీ పెట్టె పక్కన ఉంటున్నాను. రెక్క ఒకటి పోయింది. మల్లేశ్వరి వచ్చినప్పుడల్లా నన్ను దించి దుమ్ము దులిపి, కొమ్ములు ఇటునుంచి అటు మార్చి, మళ్లీ పైన పెడుతుంది. ఎందుకు మారుస్తుందో ఎవరికీ చెప్పదు.

నన్ను విప్పిన ఆ మధ్యాహ్నం నాకు నొప్పి పుట్టిందా, హాయి కలిగిందా అని అడిగితే చెప్పలేను. ఆ రోజు గురించి మల్లేశ్వరిని అడిగినా అదే చెబుతుందనుకుంటాను.