బియ్యం పెట్టిన ఇల్లు

"గోవిందా! గోపాలా!" అని అరవబోతే వెంకటసామి గొంతు సగంలోనే మూగబోయింది. చెంబు ఎడమచేతికి మార్చుకుని, గొంతు సవరించుకుని, మరో గడప ముందు నిలబడి మళ్ళీ అరిచాడు. పెరటాసి నెల శనివారం ఎంత కలిగినవాడైనా సరే, నామం పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడగాలి. ఆ బియ్యమే వండి పెరుమాళ్ళకు తళిగ వెయ్యాలి, అంటే నైవేద్యం పెట్టాలి. తాతలనాటి ఆచారం. మిల్లు యజమానులే నడుముకు తువ్వాలు చుట్టుకుని చెంబు పట్టుకునే రోజున హెడ్ కానిస్టేబుల్‌కు నామోషీ ఏమిటి?

నామోషీ లేదు గానీ, ఆయన బాధ వేరే ఉంది. సూలూరు చుట్టుపక్కల వెంకటసామి తలుపు తడితే జనానికి హడలు. పోలీసుల్లో ఒక్కో విభాగానిది ఒక్కో వైభోగం. కుక్కల దళానికి పేపర్లో ఫోటో పడుతుంది. గస్తీవాళ్ళకు కొత్త జీపు వస్తుంది. ప్రమాదాల విభాగానికి దక్కేది రోడ్డు మీద ముగ్గుపిండితో గీతలు గీయడం, ఆపైన ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి చావు కబురు చెప్పడం. ఆ రెండో పని ఏళ్ళ తరబడి వెంకటసామి నెత్తినే పడుతోంది. మెత్తగా మాట్లాడతాడని, అరవమూ తెలుగూ రెండూ వచ్చునని, అన్నిటికన్నా ముఖ్యంగా ఎవరేం చెప్పినా కాదనడని.

యాభై దాటిన మనిషి. భుజాలు కిందికి జారాయి, పొట్ట బెల్టు మీదికి దిగింది, కళ్ళ కింద తోలు సంచుల్లా వేలాడుతోంది. కబురు చెప్పడానికి శాఖలో పెద్దలు నేర్పిన పద్ధతి ఒకటుంది. మనిషి పోయాడని గడపలో చెప్పకూడదు. "సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో పెట్టినారు, రండి" అనాలి. ఇక దారి పొడుగునా వాళ్ళు మొక్కుకుంటూనే ఉంటారు, బతికితే కొండకు నడిచి వస్తామనీ, తలనీలాలు ఇస్తామనీ. శవం కోసం చేసే ఆ మొక్కులన్నీ జీపు ముందుసీట్లో కూర్చుని వినడం ఈమధ్య ఆయన వల్ల కావడం లేదు. తిన్న తిండి ఒంటబట్టడం లేదు. ఈ ఏటి తళిగ మొక్కు కూడా అందుకే. స్వామీ, ఈ పని నా నెత్తి మీంచి దించు, అంతే చాలు.

తలుపు తీసుకుని ఆ ఇంటి ఇల్లాలు వాసుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తలంటుకుని తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుంది. యూనిఫాం లేదు కాబట్టి ఆయన పోలీసని పోల్చుకోలేదు. బియ్యం చేట అరుగు మీద పెట్టి దోసిలితో చెంబులో పోసింది.

"ఉండు సామీ, ఇంగో దోసిలి పోస్తా. ఇది మా ఇంటాయన పేరు చెప్పి. ఒట్టన్‌చత్రం నుంచి కాయగూరల లోడు ఎత్తుకోని వొస్తా ఉండాడు. రేయంతా నిద్ర లేదు, పావం."

"వొస్తాడులే అమ్మిణీ. పెరుమాళ్ళు చూసుకుంటాడు."

ఆమె నవ్వి చెంబుకు దణ్ణం పెట్టింది. తనని చూసి ఒక మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో వెంకటసామికి గుర్తు లేదు. ఆ నవ్వుకు ఆయన ప్రాణం లేచొచ్చింది. మిగతా ఇళ్ళ దగ్గర గొంతు బాగానే పలికింది.

ఇంటికి వచ్చి భార్య జానకమ్మాళ్ పట్టిన చేటలో బియ్యం పోస్తుండగానే వాకిట్లో జీపు ఆగింది. విభాగంలోనే పనిచేసే కానిస్టేబుల్ జెబమలర్ దిగి, అరవంలో సంగతి చెప్పింది. తెల్లవారుజామున ధారాపురం రోడ్డులో కాయగూరల వ్యాను బోల్తా పడింది, ఆ డ్రైవరు ఎవరో ఇప్పుడు తెలిసింది. పొల్లాచ్చి నుంచి వ్యాను యజమాని వచ్చి శవాన్ని గుర్తుపట్టాడు. పేరు రాఘవేంద్రన్. ఇల్లు ఫలానా వీధిలో. మీకు విరతం రోజు కదన్నా, కబురు నేను చెప్తాను, ఇన్‌స్పెక్టర్ కూడా సరేనన్నారు, ఇల్లు ఎక్కడో చూపిస్తే చాలు, అంది.

కోరిన వరం వాకిట్లోకి వచ్చి నిలబడింది. కానీ వీధి పేరు వినగానే వెంకటసామికి పొద్దున రెండు దోసిళ్ళు పోసిన అమ్మిణి గుర్తొచ్చింది. చేటలో బియ్యం వంక చూశాడు. ఎవరి గింజలు ఎవరివో ఇక వేరు చెయ్యడం ఎవరి తరమూ కాదు.

"ఆ బియ్యం ఇప్పుడే కడగొద్దు. నేను పొయ్యొచ్చి చెప్తా," అన్నాడు భార్యతో. ఖాకీ తొడుక్కున్నాడు. నామం చెరుపుకోవడం మరిచిపోయి జీపెక్కాడు.

బండి చప్పుడు వినగానే వాసుకి మొగుడు వచ్చాడనుకుని గబగబా బయటికి వచ్చింది. ఖాకీ చూసి ఆగింది. నామం చూసి గుర్తుపట్టింది.

"పొద్దున వొచ్చిన సామి కదా? మీరు పోలీసా?"

వెంకటసామి గడప ముందు బూట్లు విప్పాడు. వెనక జెబమలర్ దగ్గింది, చెప్పాల్సిన మాట గుర్తుచేస్తున్నట్టు. ఆ మాట ఆయన నాలుక మీదే ఉంది. ఎన్ని గడపల్లో చెప్పలేదు! కానీ బియ్యం పోసిన చెయ్యి ఎదురుగా కొంగుకు తుడుచుకుంటోంది. ఆ చేతికి అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"అమ్మిణీ, రాఘవేంద్రన్ లేడమ్మా. వ్యాను బోల్తా పడింది. తెల్లారకముందే పొయ్యినాడు."

ఆమె ద్వారబంధం పట్టుకుంది. ఏడవలేదు. ఏదో లెక్క కుదరనట్టు ఆయన మొహంలోకి చూసింది.

"తెల్లారకముందేనా?"

"అవునమ్మా."

"అట్లయితే నేను మీకు పోసింది తీట్టు ఇంటి బియ్యం సామీ." చేతులు జోడించింది. "నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు. ఆ బియ్యం వొండొద్దు. మీ మొక్కు చెడిపోతుంది."

వెంకటసామికి నమ్మబుద్ధి కాలేదు. ఇంత దుఃఖంలో ఈ పిల్లకు తన మొక్కు గురించి దిగులా? తీట్టు సంగతి, ఆ చావు మైల, ఆమె చెప్పకముందే ఆయనకు తెలుసు. అందుకే కడగొద్దని చెప్పి వచ్చాడు. అబద్ధం ఆడకూడదనుకుని ఇక్కడిదాకా వచ్చినవాడు మరో అబద్ధం ఆడాడు.

"అప్పుడే వొండేసినామమ్మా. తళిగ వేసేసినాము. పెరుమాళ్ళు తినేసినాడు. ఏ తప్పూ లేదు."

"తినేసినాడా?"

"ఒక్క మెతుకు మిగల్లేదు."

అప్పుడు ఏడ్చింది ఆమె. జెబమలర్ రెండు చేతులా పట్టుకుని జీపులో కూర్చోబెట్టింది. వెంకటసామి పక్కకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

"జానకీ, ఆ బియ్యం కడిగి ఎసట్లో పొయ్యి. అంతా పొయ్యి. తళిగ నువ్వే వేసెయ్."

"మీరు రాకుండానా?"

"నాకోసం చూడొద్దు. ఇప్పుడే వెయ్యి."

వాసుకి ఇంటికి తాళం వెయ్యాలి. తాళంచెవి కోసం లోపలికి తొంగిచూశాడు. పెరుమాళ్ళ పటం ముందు దీపం నిలకడగా వెలుగుతోంది. దాని పక్కన నేల మీద, ఇంటాయన రాగానే వడ్డించడానికి, ఒకే ఒక అరిటాకు పరిచి ఉంది, కడిగిన తడి ఆరకుండా, ఒక మూల చిటికెడు ఉప్పు వడ్డించి.