చూసి ఊరుకోమన్నారు

నేను ఒక రూల్ సెట్‌ని, అంటే నియమాల జాబితాని. వెబ్‌సైట్ల ముందు ఫైర్‌వాల్ అని ఒక కాపలా ఉంటుంది. వచ్చేవాళ్లలో దొంగ ఎవరో దానికి తెలియదు, నేను చెప్పాలి. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, తమ ఉద్యోగాలు ముగిశాక కూర్చుని నన్ను రాశారు. కావాల్సినవాళ్లు ఊరికే తీసుకుపొమ్మని ఇంటర్నెట్‌లో పెట్టారు.

పుట్టుక మంచిదే, పనే రోత. పేరు రాయమని ఇచ్చిన గడిలో దొంగ తన పేరు రాయడు, లోపలి సమాచారమంతా ఊడ్చుకుపోయే ఆదేశం రాస్తాడు. అలాంటి చెత్తనంతా ముందుగా వాసన చూసేది నేనే.

నన్ను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చింది నస్రీన్. అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఆమె ఒక్కతే ఇంజనీరు. రోగులు తమ రిపోర్టులు ఇంట్లోంచే చూసుకునేలా ఆసుపత్రి కొత్తగా వెబ్‌సైట్ పెట్టింది. నస్రీన్ నన్ను దించుకుని విప్పింది. నమూనాగా ఇచ్చిన సెట్టింగుల ఫైలుకి అసలు పేరు పెట్టింది. నేనెక్కడున్నానో సర్వర్‌కి చెప్పి, దాన్ని ఆపి మళ్లీ నడిపింది. తనే దొంగలా ఒక పాడు ఆదేశం పంపి చూసింది. ఆపేశాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నాకు ఆ ఆసుపత్రిలో దొరికిన మర్యాద అంతే.

మేరీ డిసౌజా అనే పెద్దావిడ తన ఇంటిపేరు ఇంగ్లీషులో రాసింది. అందులో మొదటి అక్షరం పక్కన, పైన చిన్న కామా లాంటి గుర్తు ఉంటుంది. దొంగలు వాడే గుర్తూ అదే. నస్రీన్ నన్ను కాస్త కఠినంగానే పెట్టింది కాబట్టి ఆవిడను ఆపేశాను. ఆవిడ ఫోన్ చేసి కసురుకుంది. ఆసుపత్రి యజమాని డాక్టర్ చక్రధరరావు సర్వర్ గదికి వచ్చాడు.

“పేషెంటుని గుమ్మంలోనే ఆపేస్తే ఎలాగమ్మా?”

“పేరు రాసే గడిలో ఆ గుర్తుని వదిలెయ్యమని దీనికి చెబితే చాలు సర్. సాయంత్రానికి సరిచేస్తాను.”

“ఆ గొడవలన్నీ నాకొద్దు. అలాగని తీసెయ్యకు, తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు. ఉండనీ. ఎవర్నీ ఆపకుండా ఉండనీ.”

అలాంటి సెట్టింగు ఒకటుంది. కొత్తగా పెట్టినప్పుడు ఏవి పొరపాటున ఆపుతున్నానో తెలుసుకోవడానికి కొన్నాళ్లు వాడుకోమని నన్ను రాసినవాళ్లే ఇచ్చారు. అందులో ఉంటే నేను చూస్తాను, రాసుకుంటాను, వదిలేస్తాను. నస్రీన్ నన్ను అందులోకి మార్చింది. మొదట్లో అప్పుడప్పుడూ వెళ్లి అడిగింది. ఆయన “చూద్దాం” అన్నాడు. తర్వాత ఆమె అడగడం మానేసింది.

తనిఖీవాళ్లు వచ్చారు. ఫైర్‌వాల్ ఉందా అన్నారు. ఉంది అన్నాడాయన. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. అది ఎవరినైనా ఆపుతుందా అని ఒక్కరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, రిపోర్టులు వెతికే గడిలోకి ఒకడు వచ్చాడు. రాగానే పోల్చుకున్నాను. రాసుకున్నాను. వదిలేశాను. హెచ్.ఐ.వి.కి మందులు వాడుతున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, రిపోర్టులు నా కళ్లముందే మూటకట్టుకుని పోయాడు. వాడు దొంగ, వాడి పని వాడు చేశాడు. నాకు అసహ్యం వేసింది వాడిని చూసి కాదు.

ఆ పేర్లు ఊళ్లో ఫోన్‌ నుంచి ఫోన్‌కి పాకాయి. కొన్నాళ్లకి వెబ్‌సైట్‌లోని ఫిర్యాదుల గడి నుంచి ఒకటి వచ్చింది. విశాలాక్షి అనే ఆవిడ రాసింది. ‘నేను ఇంట్లో పిల్లలకి సంగీతం చెబుతాను. మీ దగ్గర నేను వాడే మందు సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు పిల్లలెవరూ పాఠానికి రావడం లేదు. ఎలా తెలిసింది?’ నా పద్ధతి ప్రకారం అక్షరం అక్షరం పరీక్షించాను. అందులో హాని చేసేదేమీ లేదు. పంపించాను.

జవాబు రాక, ఆవిడే ఆసుపత్రికి వచ్చింది. చక్రధరరావు ఆవిడను కింద కూర్చోబెట్టి, పైన నస్రీన్ దగ్గరికి వచ్చాడు.

“ఫైర్‌వాల్ పనిచేస్తూనే ఉందని రాసి సంతకం పెట్టమ్మా. అబద్ధమేం కాదుగా, ఉందిగా.”

“ఉంది సర్. చూస్తూ ఉంది.”

“మాటలతో ఆడుకోకు.”

“మనం ఆడుకుంది ఆవిడ బతుకుతో సర్. మీరు వద్దన్నారు, నేను ఊరుకున్నాను. ఆ రెండూ రాసి సంతకం పెడతాను. ఇంకోలా పెట్టను.”

ఆయన తలుపు వెయ్యకుండానే వెళ్లిపోయాడు. డిసౌజా గారి పేరు సంగతి నస్రీన్ సరిచేసి, నన్ను దొంగల్ని ఆపే సెట్టింగులోకి మార్చింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. అది చూసి నాకు అసహ్యం మరింత పెరిగింది. తర్వాత కిందికెళ్లి జరిగిందంతా విశాలాక్షికి చెప్పింది. ఆవిడ తిట్టలేదట. “ఈ మాట పోలీసుల ముందు చెబుతావా అమ్మా?” అని అడిగిందట. ఇద్దరూ కలిసి స్టేషన్‌కి వెళ్లారని, నస్రీన్ కుర్చీలోకి వచ్చిన కొత్తాయనకి ఎవరో చెబుతుంటే విన్నాను.

కేసు నడుస్తోందట. పిల్లలు తిరిగొచ్చారో లేదో నాకు తెలిసే దారి లేదు. కేసు భయంతో నన్ను కదిలించే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి వచ్చిన దొంగనల్లా ఆపుతున్నాను.

ఈమధ్య వెబ్‌సైట్ మొదటి పేజీలో పెద్ద తాళం బొమ్మ వేశారు. దాని కింద, ‘మీ వివరాలు మా దగ్గర భద్రం. మొదటి రోజు నుంచీ.’ లోపలికొచ్చేవే కాదు, బయటికి వెళ్లే పేజీలు కూడా నేనే చూసి పంపాలి. ఆ పేజీ రోజూ నా ముందు నుంచే వెళుతుంది. దాన్ని ఆపే రూలు నాలో ఎవరూ రాయలేదు.